మరాన్స్ గుడ్లు పొదగేయాలనుకుంటున్నాం, మన హైదరాబాద్ ఎండలకి ఈ జాతి తట్టుకుంటుందా?

మొయినాబాద్ తోట

నమస్తే అందరికీ. మాకు మొయినాబాద్ దగ్గర చిన్న మామిడి తోట ఉంది. అమ్మానాన్న అక్కడే ఉంటారు, నేను ఉద్యోగం వల్ల కొండాపూర్‌లో ఉండి వీకెండ్స్‌లో వెళ్లొస్తుంటాను. అమ్మకి కోళ్లంటే ప్రాణం. ఇప్పుడున్నవన్నీ నాటువే, మధ్యలో ఒకటి రెండు గిరిరాజ కలిసినవి. ఈ మధ్య ఒక వాట్సాప్ గ్రూప్‌లో ముదురు చాక్లెట్ రంగు గుడ్ల ఫొటోలు వస్తే అమ్మకి చూపించాను, అప్పటినుంచి ఎప్పుడు తెస్తావు అని అడుగుతూనే ఉంది. అవి మరాన్స్ అనే ఫ్రెంచ్ జాతి కోళ్ల గుడ్లనీ, గుడ్లకీ మాంసానికీ రెండింటికీ పనికొస్తాయనీ అమ్మే అతను చెప్తున్నాడు. పొదగేసే గుడ్లు డజను 6,000 రూపాయలట. అడ్వాన్స్ పంపితే రెండు వారాల్లో బస్సులో పార్సిల్ వేస్తానంటున్నాడు.

డబ్బు పంపే ముందు తెలిసినవాళ్లని అడుగుదామని ఇక్కడ రాస్తున్నాను. అవి నిజంగా మరాన్సేనా కాదా అని ఫొటోల్లో ఎలా పోల్చుకోవాలి? గుడ్డు రంగు ఒక్కటే చాలా? అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఎండ గురించే. పోయిన మే నెలలో మా నాటు పెట్టలే మధ్యాహ్నం రెక్కలు జారేసి నోరు తెరుచుకుని కూర్చునేవి, ఇక ఫ్రాన్స్ కోడి సంగతేంటి? మా దగ్గర ఇంక్యుబేటర్ లేదు, నాటు పెట్ట కింద పెడితే పిల్లలవుతాయా? నాన్న మాత్రం ఆ డబ్బుకి రాజేంద్రనగర్‌లో వనరాజా అనే పెరటి కోడి పిల్లలు బోలెడన్ని వస్తాయి, ఎందుకీ ఫారిన్ మోజు అంటున్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉందనిపిస్తోంది.

నల్లపెట్ట

డబ్బు ఇప్పుడే పంపకండి. నేను రంగు గుడ్ల జాతులు పెంచుతాను, మరాన్స్ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మరాన్స్ అనేది ఫ్రాన్స్ పశ్చిమ తీరంలో లా రోషెల్ దగ్గరున్న ఒక చిన్న రేవు పట్టణం పేరు. చుట్టూ చిత్తడి నేలలు. ఓడల్లో వచ్చిన పందెం కోళ్లు అక్కడి ఊరి కోళ్లతో కలిశాయని చెప్తారు. తర్వాత చైనా నుంచి వచ్చిన లాంగ్‌షాన్ కోడిని కలిపారు, ఆ ముదురు రంగులో దాని పాత్ర పెద్దదే. 1930లో అక్కడ మరాన్స్ క్లబ్ పెట్టుకున్నారు, 1931లో జాతి లక్షణాలు రాసి స్థిరం చేశారు. అంటే ఇది ఏ కంపెనీవాళ్లో తయారుచేసిన హైబ్రిడ్ కాదు, ఊళ్లో రైతుల చేతుల్లో కుదురుకున్న జాతి. దీన్ని దీనితోనే కలిపితే పిల్లలు తల్లిదండ్రుల్లాగే వస్తాయి. మీ నాన్నగారు చెప్పిన వనరాజాకీ దీనికీ అసలు తేడా ఇదే. వనరాజా చాలా మంచి కోడి, కానీ అది క్రాస్. దాని గుడ్లు మీరే పొదగేసి తర్వాతి తరం తీస్తే ఆ బరువు, ఆ గుడ్ల లెక్క నిలబడవు, మళ్లీ పిల్లల్ని తెచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు గుర్తుపట్టడం. గుడ్డు ఫొటో ఒక్కటి చూసి కొనొద్దు, ఫిల్టర్ వేస్తే ఫారం గోధుమరంగు గుడ్డు కూడా చాక్లెట్‌లా కనిపిస్తుంది. ఫ్రాన్స్ వాళ్లకి 1 నుంచి 9 దాకా గుడ్డు రంగుల పట్టిక ఉంది, 4 కంటే లేతగా ఉంటే దాన్ని మరాన్స్ గుడ్డుగా లెక్కలోకి తీసుకోరు. కాబట్టి పగటి వెలుతురులో, పక్కన మామూలు తెల్ల గుడ్డొకటి పెట్టి ఫొటో తీయమనండి. ఒక రోజుది కాదు, వేర్వేరు రోజులవి అడగండి. అసలైన వాటిలో రంగు అన్నిటికీ ఒకేలా ఉండదు, కొన్నిటి మీద ఇంకా ముదురు చుక్కలుంటాయి, కొన్నిటికి ఒక కొస లేతగా ఉంటుంది. డజనూ అచ్చు గుద్దినట్టు ఒకే షేడ్‌లో ఉంటే నాకైతే అనుమానమే.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. గోటితో గీకితే రంగు పోయింది కాబట్టి అది పూసిన రంగు అని గొడవపడుతుంటారు. అది తప్పు. గుడ్డు పెంకు తయారీ దాదాపు 20 గంటలు పడుతుంది, ఈ గోధుమ రంగు చివరి గంటల్లో పైపొరగా చేరుతుంది. అందుకే అప్పుడే పెట్టిన తడి గుడ్డు మీద గీత పడుతుంది, పగలగొట్టి చూస్తే పెంకు లోపలి వైపు లేతగా ఉంటుంది. రంగు గీసుకుపోయినంత మాత్రాన నకిలీ అనలేం, పోనంత మాత్రాన అసలూ అనలేం.

అందుకే కోడిని చూడాలి. పెట్టనీ పుంజునీ కాళ్లు స్పష్టంగా కనపడేలా వీడియో అడగండి. మరాన్స్ చర్మం తెలుపు, అరికాళ్లు తెల్లగా ఉండాలి. నల్లటి ఒంటికి రాగి రంగు మెడ ఉండే రకానికైతే కాళ్లు నల్లబూడిద రంగులో ఉన్నా అడుగున తెలుపే. ఫ్రెంచ్ లక్షణాల ప్రకారం కాళ్ల బయటి వైపు పల్చగా ఈకలుంటాయి. ఇంగ్లండ్‌లో పెంచిన వాటికి ఈకలుండవు, అది వేరే వరుస. కళ్లు నారింజ రంగు. కాళ్లు పసుపు రంగులో ఉన్నాయంటే అందులో రోడ్ ఐలాండ్ రెడ్ లాంటిదేదో కలిసిందనుకోవచ్చు. ఒళ్లంతా నలుపే ఉండి కాళ్లకి ఒక్క ఈక లేకపోతే ఆస్ట్రలార్ప్ అనే ఆస్ట్రేలియా జాతి అయ్యుండొచ్చు, ఎందుకంటే దానికీ అరికాళ్లు తెల్లగానే ఉంటాయి. మన దగ్గర ఆస్ట్రలార్ప్‌ని పేరు మార్చి అమ్మడం నేను చూశాను.

గుడ్డు రంగు పెట్ట మీదే ఆధారపడి ఉంటుంది కానీ దానికి సగం జన్యువులు తండ్రి నుంచే వస్తాయి, పుంజు తన రంగు చూపించలేదు కదా. అందుకే ఆ పుంజు ఎంత ముదురు గుడ్డులోంచి వచ్చిందో అడగండి. నిజంగా జాతి కాపాడుతున్నవాడైతే ఈ ప్రశ్నకి సంతోషంగా జవాబు చెప్తాడు.

వెట్ అన్న రాజేంద్రనగర్

నేను పశువైద్యుణ్ని. ఎండ గురించి అడిగారు కాబట్టి అదే చెప్తాను.

లా రోషెల్ వైపు వేసవిలో పగటి వేడి సగటున 25–26 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో 40 దాటడం మామూలే. కోడి ఒంటి వేడే 41–42 డిగ్రీలు, దానికి చెమట పట్టదు. చుట్టూ గాలి కూడా అంతే వేడిగా ఉంటే ఒంట్లోని వేడిని బయటికి పంపడానికి రొప్పడం ఒక్కటే దారి. అలా రొప్పుతూ ఉంటే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, దాంతో పెంకుకి కావాల్సిన కాల్షియం కార్బొనేట్ సరిగ్గా తయారు కాదు. మే నెలలో గుడ్లు పల్చటి పెంకుతో రావడానికి ఇది ఒక కారణం, మేత తగ్గించేయడం ఇంకొకటి. మీ నాటు కోడి బరువు తక్కువ, ఒంటికి ఈకలు దగ్గరగా అతుక్కుని ఉంటాయి. మరాన్స్ పుంజు పెరిగితే మూడున్నర నుంచి నాలుగు కిలోలు, పెట్ట రెండున్నర నుంచి మూడు కిలోల పైన ఉంటుంది, పైగా చాలావరకు నల్ల ఈకలు. కష్టపడుతుంది, అందులో సందేహం లేదు. చచ్చిపోతుందా అంటే, మనం ఏర్పాటు చేస్తే పోదు.

మీకు మామిడి తోట ఉండటం చాలా పెద్ద ప్లస్. చెట్టు నీడలో ఉన్న చల్లదనం ఏ షెడ్డూ ఇవ్వదు. రాత్రి గూడు రేకులదైతే పైన వరిగడ్డి మందంగా పరిచి మధ్యాహ్నం తడపండి, పక్కలు జాలీతో తెరిచి ఉంచండి, పడమర వైపు గోనె పట్టాలు కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు తుంపరగా చల్లితే బాగా పనిచేస్తుంది. అదే జూలైలో గాలిలో తేమ ఉన్నప్పుడు చల్లితే ఉక్క పెరుగుతుంది తప్ప లాభం లేదు, అప్పుడు గాలి ఆడటమే ముఖ్యం. మేత తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాక వేయండి, మధ్యాహ్నం కడుపు నిండా తింటే అరిగేటప్పుడు పుట్టే వేడి కూడా తోడవుతుంది. నీళ్ల కుండలు నీడలో రెండు మూడు చోట్ల పెట్టండి, ప్లాస్టిక్ డ్రింకర్ ఎండలో ఉంటే ఆ వేడి నీళ్లు కోళ్లు ముట్టుకోవు. షెల్ గ్రిట్ (ఆల్చిప్పల ముక్కలు) వేరే గిన్నెలో ఎప్పుడూ ఉంచండి.

వేడికీ భయానికీ గుడ్డు రంగు కూడా లేతబడుతుంది. కుక్క తరిమినా, గూడు మార్చినా అంతే. ఎండాకాలంలో రంగు తగ్గిందని పెట్టని తీసేయకండి.

టీకాల మాటకొస్తే, ఇంట్లో పొదిగిన పిల్లలకి చాలామంది ఏమీ వేయించరు, ఆ తర్వాత కొక్కెర రోగం వచ్చి అన్నీ పోయాయని ఏడుస్తారు. మొదటి వారంలో కొక్కెర రోగానికి లసోటా కంటి చుక్క, రెండో వారంలో గంబోరో రోగం టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, తర్వాత అమ్మోరు రాకుండా ఫౌల్ పాక్స్ టీకా, ఎనిమిది వారాలు దాటాక మళ్లీ కొక్కెర రోగానికే ఆర్ టూ బీ టీకా. తేదీలు మీ దగ్గరి పశువుల ఆసుపత్రిలో ఖరారు చేసుకోండి. టీకా సీసా ఐస్‌లోనే రావాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. మీ నాటు కోళ్లకీ అదే వరసలో వేయించండి, అవి బయట తిరిగి రోగం మోసుకొస్తే ఇవి ముందు పడిపోతాయి.

ఇంకొకటి. ఫ్రాన్స్ నుంచి నేరుగా తెప్పించాను అని ఎవరైనా చెప్తే కాగితాలు అడగండి. బతికున్న కోళ్లయినా పొదగేసే గుడ్లయినా మన దేశంలోకి తేవాలంటే కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి, అవతలి దేశం ఆరోగ్య ధ్రువపత్రం, ఇక్కడ క్వారంటైన్ ఉండాలి. సూట్‌కేసులో తెచ్చిన గుడ్లు అంటే ఏ రోగం తోడు వచ్చిందో తెలియదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని ఫారాలు నష్టపోయాయో మనందరం చూశాం.

చేవెళ్ల అక్క

తమ్ముడూ, నాటు పెట్ట కింద హాయిగా పెట్టొచ్చు. నేను ఇంక్యుబేటర్ ఉన్నా నాటు పెట్టనే నమ్ముతాను. కరెంటు పోతే దానికి దిగులు లేదు, పిల్లల్ని తిప్పి మేత చూపించే పని కూడా అదే చేస్తుంది. మరాన్స్ పెట్టల్లో కొన్ని పొదుగుకి కూర్చుంటాయి, కొన్ని అసలు కూర్చోవు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. గుడ్లు మన నాటు గుడ్డు కంటే బాగా పెద్దవి, కాబట్టి ఒక పెట్ట కింద ఏడో ఎనిమిదో చాలు. డజను వస్తే ఒకేసారి పొదుగుకి వచ్చిన రెండు పెట్టలకి పంచాలి. అందుకే నీ పెట్టలు పొదుగుకి రాకముందే డబ్బు కట్టొద్దు. గుడ్లు వచ్చేసి పెట్ట కూర్చోకపోతే వారం దాటాక రోజురోజుకీ బలం తగ్గుతుంది.

పార్సిల్‌లో వచ్చిన గుడ్లని వెంటనే కింద పెట్టేయకు. సన్న కొస కిందికి ఉండేలా ట్రేలో ఒక రోజంతా కదపకుండా ఉంచు. లోపల గాలి గది కుదుటపడాలి. బస్సు కుదుపులకి డజనులో సగం పిల్లలైనా మంచి ఫలితమే, అమ్మేవాడు పదకొండు గ్యారంటీ అంటే నమ్మకు. మే నెలలో అసలు తెప్పించొద్దు, బస్సు డిక్కీలో వేడికే పిండం కదలడం మొదలై మధ్యలో చచ్చిపోతుంది. వినాయక చవితి దాటాక, సంక్రాంతి లోపు తెప్పిస్తే పిల్లలు ఎండాకాలానికి కాస్త ఎదిగి ఉంటాయి.

వారం తర్వాత లైటు పెట్టి చూడటం మన తెల్ల గుడ్లకి అయినంత సులువు కాదు. పెంకు ముదురు కాబట్టి సెల్‌ఫోన్ లైటుకి ఏమీ కనపడదు. చీకటి గదిలో గట్టి టార్చి పెట్టి, పది పన్నెండు రోజులకి చూడు. అప్పటికి మంచి గుడ్డు సగం నల్లగా నిండి ఉంటుంది, ఖాళీ గుడ్డు మొత్తం ఒకే తీరుగా మెరుస్తుంది. అనుమానంగా ఉన్నది పారేయకు, ఉండనీ. వాసన వస్తే మాత్రం వెంటనే తీసెయ్. మామూలుగా అన్ని కోళ్లలాగే 21 రోజులకి పగులుతాయి.

మాంసం గురించి ఎవరూ చెప్పలేదు. పుంజులు మెల్లగా ఎదుగుతాయి, కోతకి రావడానికి ఐదారు నెలలు పడుతుంది, బ్రాయిలర్‌లా ఆరు వారాల లెక్క కాదు. చర్మం తెల్లగా ఉంటుంది కాబట్టి కాల్చి పసుపు రాసినా మన నాటు కోడి పచ్చదనం రాదు, కానీ ముక్క గట్టిగా, రుచిగా ఉంటుంది. నాటు కోడి పులుసులాగే ఎక్కువసేపు ఉడకాలి, కుక్కర్‌లో ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ పెట్టు. మక్కలు, జొన్నలు, తవుడుతో పాటు తోటలో పురుగు తిని పెరిగిన పుంజు కూర తిన్నాక మీ నాన్నే ఇంకో పుంజు ఎప్పుడు అంటాడు.

వర్షాకాలంలో ఆ కాళ్ల ఈకలకి బురద పడుతుంది. పడుకునే చోటు పొడిగా ఉంచు, పొట్టు మారుస్తూ ఉండు. కాళ్ల పొలుసులు పైకి లేచినట్టు కనిపిస్తే పురుగు పట్టిందని అర్థం, కడిగి వాజిలైన్ మందంగా రాస్తే అది ఊపిరాడక పోతుంది, వారంలో రెండు మూడుసార్లు చేయాలి.

పెరటి కోడి

నేను మీ నాన్నగారి పక్షం. రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి లాంటివన్నీ మన పెరట్లో, మన ఎండలో బతకడానికే తయారుచేసింది. వనరాజా పెట్ట ఇంటి దగ్గర ఏడాదికి 100–110 గుడ్ల దాకా పెడుతుంది, పుంజులు తొందరగా బరువొస్తాయి. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ ఇంకా మెరుగు. ముందే బుక్ చేసుకుంటే పిల్లలు దొరుకుతాయి. మరాన్స్ బాగా చూసుకుంటే 150 నుంచి 200 అని పుస్తకాల్లో ఉంటుంది కానీ అది వాళ్ల చల్లటి దేశంలో లెక్క, మన ఎండల్లో అంత ఆశించకూడదు. గుడ్డు లోపల ఏ తేడా లేదు, పెంకు రంగుతో పోషకాలు మారవు. చాక్లెట్ రంగు గుడ్డులో బలం ఎక్కువ అని ఎవరైనా నూరు రూపాయలకి అమ్ముతుంటే అది మోసమే.

నల్లపెట్ట

@పెరటి కోడి, పోషకాల గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం, కొనేవాళ్లందరికీ అది తెలియాలి. ఇంటికి గుడ్లు, కూర చాలు అనుకునేవాళ్లకి నేనూ వనరాజా, గ్రామప్రియే చెప్తాను. కానీ తోట ఓనర్ వాళ్ల అమ్మగారికి కావాల్సింది ఆ కోడి. ఏటేటా తన పెట్టల గుడ్లు తనే ఏరి, తనే పొదగేసి, రంగు పోకుండా నిలబెట్టుకునే పని కొందరికి ఎంత తృప్తినిస్తుందో చెప్పలేను. ఆ పని చేసేవాళ్లు లేకపోతే ఏ పాత జాతైనా పోతుంది. మన పందెం కోడి జాతి అసిల్‌కీ అంతే.

అయితే ఆ పని నిజంగా చేయాలంటే ఒక షరతు ఉంది. మరాన్స్‌ని నాటు పుంజులతో కలిపి వదలకూడదు. నాటు కలిస్తే మొదటి తరంలోనే గుడ్డు లేత గోధుమకి దిగిపోతుంది, ఎందుకంటే ఈ ముదురు రంగు ఒక్క జన్యువు పని కాదు, చాలా కలిస్తేనే వస్తుంది, విడిపోతే మళ్లీ కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది. నాటు పుంజుతో తిరిగిన మరాన్స్ పెట్టని విడిగా పెట్టాక కనీసం మూడు వారాలు ఆగి ఆ తర్వాతి గుడ్లే పొదగేయాలి. పెట్టలు మొదట పెట్టే గుడ్లు బాగా ముదురుగా ఉండి, నెలలు గడిచేకొద్దీ లేతబడతాయి, ఈకలు రాల్చి విరామం తీసుకున్నాక మళ్లీ ముదురు రంగు వస్తుంది. కాబట్టి ఏ పెట్ట గుడ్లు పొదగేయాలో నిర్ణయించేటప్పుడు అన్నిటినీ ఒకే దశలో పోల్చాలి. ఇంకా, ఒకే చోట కొన్న డజను గుడ్లంటే చాలావరకు దగ్గరి చుట్టాలే అయ్యుండొచ్చు. రెండో తరానికి వేరే మంద నుంచి ఒక పుంజుని తెచ్చుకోండి.

మొయినాబాద్ తోట

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. నల్లపెట్ట గారు చెప్పినట్టు కాళ్ల వీడియో అడిగాను. మొదట గుడ్ల ఫొటోలే మళ్లీ మళ్లీ పంపాడు, గట్టిగా అడిగితే పెట్టల వీడియో వచ్చింది. కాళ్లు శుభ్రంగా పసుపు రంగు, ఒక్క ఈక లేదు. పుంజు ఏ గుడ్డులోంచి వచ్చిందంటే జవాబు లేదు. వాటిని వద్దనేశాను. నాన్న గ్రామప్రియ పిల్లలకి బుక్ చేస్తామంటున్నారు, అమ్మ మాత్రం చవితి దాటాక అసలైన మరాన్స్ వెతకాల్సిందే అంటోంది. రెండూ ఒకే తోటలో పెంచొచ్చా, లేక వేరే వేరే దొడ్లు కావాలా?

నల్లపెట్ట

పెట్టలు కలిసి తిరగొచ్చు, పుంజులే సమస్య. గ్రామప్రియల్లో పుంజుల్ని కూరకి తీసేయండి. నాటు పుంజులు తిరిగే వైపు మరాన్స్‌ని వదలకుండా నాలుగైదు చెట్ల కింద ఐదడుగుల జాలీ కట్టండి, బరువు కోడి కాబట్టి దాన్ని దాటి ఎగరదు, కానీ మీ నాటు పుంజు ఎగురుతుంది, పైన వల వేయడం మర్చిపోకండి. కొత్తవి ఏవి వచ్చినా మూడు వారాలు మిగతా కోళ్లకి దూరంగా ఉంచి, వెట్ అన్న చెప్పిన టీకాలు చూసుకున్నాకే కలపండి. చవితి దాటాక మెసేజ్ పెట్టండి, నా పెట్టల కాళ్లు, గుడ్లు అన్నీ పగటి వెలుతురులో వీడియో తీసి పంపుతాను. నచ్చితే మీరే వచ్చి తీసుకెళ్లండి, బస్సు పార్సిల్ కంటే ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లిన గుడ్లకే ఎక్కువ పిల్లలవుతాయి.